అరువు పిల్లలు

జీపు దిగుతూ సుధారాణి బురదలో కాలు పెట్టిన చోట పోయినవారం ఆగాం. పుంగనూరు పొలిమేరలో మూతబడిన వేరుశెనగ నూనె మిల్లు అది. గోడలకు సున్నం కొట్టి, గేటుకు మామిడాకులు కట్టి, బడి మానేసిన ఆడపిల్లలకు అక్కడ వసతి బడి నడుస్తోందని బోర్డు పెట్టారు. దానికి నిధులు ఢిల్లీ నుంచి వస్తాయి. పనుల్లో మగ్గుతున్న పిల్లల్ని తెచ్చి, అక్కడే ఉంచి తిండిపెట్టి, వయసుకు తగ్గ తరగతిలో చేరేంత చదువు చెప్పాలి. బ్రిడ్జి కోర్సు అంటారు. దాన్ని నడిపే పెద్దమనిషి లక్ష్మీపతి. మదనపల్లెలో పట్టుదారం తీసే షెడ్డు ఆయనదే. ఏ గుడి కమిటీలో చూసినా ముందు వరుస కుర్చీ ఆయనదే. జిల్లా ఆఫీసు నుంచి తనిఖీకొచ్చిన మేడమ్ మెడలో ఆయన స్వయంగా పూలదండ వేశాడు. వేస్తూ ముఖంలోకి చూశాడు కూడా. గుర్తుపట్టలేదు.

ఎట్లా గుర్తుపడతాడు? పద్నాలుగేళ్ల కిందట, తొంభై అయిదులో, ఆయన లెక్కలో సుధారాణి ఒక జత చేతులు, అంతే. బి.కొత్తకోట పక్క పల్లెలో చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు, తండ్రి అడ్వాన్సు పుచ్చుకుని ఇద్దరు కూతుళ్లనీ ఆ షెడ్డులో వదిలిపెట్టాడు. అక్క అమరావతి, చెల్లెలు సుధ. లక్ష్మీపతి అప్పుడూ పనిపిల్లల కోసం సర్కారు డబ్బుతో ఒక బడి నడిపేవాడు. నడిపేవాడంటే తనిఖీ రోజున మాత్రమే. ఆ పొద్దున షెడ్డు పిల్లలకు తలంట్లు పోయించి, యూనిఫాం తొడిగి, టెంపోలో తెచ్చి బెంచీల మీద కూర్చోబెట్టేవాడు. అధికారి కొబ్బరినీళ్లు తాగి వెళ్లగానే యూనిఫాంలు మూటలోకి, పిల్లలు మళ్లీ పట్టుగూళ్లు ఉడికే తొట్ల దగ్గరికి. తన షెడ్డు నుంచి తన బడికే అరువు తెచ్చుకునే తెలివి అది.

ఒకసారి అమరావతి బెంచీలో చెయ్యెత్తి లేచి నిలబడి, "సార్, మేం ఈ బడి పిల్లోల్లం గాదు" అనేసింది. సార్ నవ్వి, లక్ష్మీపతి వైపు చూసి, జీపెక్కి పోయాడు. ఆ సాయంత్రం లక్ష్మీపతి ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకుని, "ఈ సెయ్యే గదా ఎత్తితివి?" అంటూ మరుగుతున్న తొట్లో మణికట్టు దాకా ముంచాడు. పక్క తొట్టి దగ్గర సుధ కూర్చుని ఉంది. ఆ కేక ఆమె చెవుల్లో ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత అక్క ఏం చెప్పి ఒప్పించిందో గానీ సుధను షెడ్డు నుంచి బయటపడేసి హాస్టల్లో చేర్పించింది. తను మాత్రం అక్కడే ఉండిపోయింది. తర్వాత శాంతిపురంలో పెళ్లయింది. కుట్టుపని చేసుకుంటున్నానంటూ చెల్లెలి చదువు ముగిసేదాకా మనియార్డర్లు పంపింది. సుధ టీచరైంది, జిల్లా ఆఫీసుకు డిప్యుటేషన్ మీద వచ్చింది. ఆడపిల్లల చదువు విభాగం ఎందుకు కోరుకున్నావని ఎవరడిగినా ఏదో మంచి మాట చెప్పేది. అసలు కారణం లక్ష్మీపతి. వాడి బడి ఏదో ఒకరోజు తన తనిఖీ కిందికి రావాలి. అంతే.

వచ్చింది. ఇప్పుడు వాడు నవ్వుతూ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ప్రార్థన వినండి మేడమ్. మన బిడ్డలు సక్కగా పాడతారు."

పిల్లలు వరుసగా నిలబడి పాడారు. యూనిఫాంల మడతలు ఇంకా విడలేదు. ఎర్ర రిబ్బన్లు అప్పుడే కొన్నవి. తలలకు కొబ్బరినూనె పట్టించి మల్లెపూలు పెట్టారు గానీ, ఉడికిన పట్టుపురుగు వాసనను మల్లెపూలు ఏం చేయగలవు? సుధారాణి ముందు వరుసలో పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుంది. వేళ్ల కొసలు వేడినీళ్లలో నాని తెల్లగా పాలిపోయి, చర్మం చిల్లులు పడి ఉంది. ఊరికే నిలబడ్డప్పుడు కూడా ఆ పిల్లల బొటనవేళ్లు చూపుడువేళ్ల మీద మెల్లగా రుద్దుకుంటున్నాయి. ఉడికిన పట్టుగూటి మీద దారం కొస వెతకడం అలవాటైతే వేళ్లు పని లేనప్పుడు కూడా వెతుకుతూనే ఉంటాయి.

సుధారాణి తన కుడిచేతిని చీర కొంగులో దాచుకుంది.

"చాలా బాగా నడుపుతున్నారు లక్ష్మీపతిగారూ."

"అంతా మీ దయ మేడమ్. బోంచేసి పొండి. మీకోసరం మదనపల్లెలో సెప్పి తెప్పిచ్చినా."

"భోజనం ఒక్కటేనా? రాత్రికి కూడా ఇక్కడే ఉంటాను. వసతి బడి అన్నారు కదా, వసతి చూడొద్దూ?"

లక్ష్మీపతి ముఖంలో నవ్వు అట్లాగే ఉంది, కళ్లలో మాత్రం లేదు. "ఈడనా? దోమలు మేడమ్. వాన గూడా పడతాండాది. టౌన్లో మంచి లాడ్జి ఉండాది, రూము సెప్తాను."

"పిల్లల్ని కుట్టే దోమలే కదా, నన్నూ కుట్టనీండి." వాచ్‌మన్ నల్లప్ప దగ్గర తాళం అడిగి తీసుకుంది. "ఆడపిల్లలుండే చోట గేటు ఇట్లా బార్లా తెరిచిపెడతారా?" అని తనే గేటు మూసి, తాళం వేసి, తాళంచెవి చేతిలో పట్టుకుంది.

రిపోర్టు రాసి పంపితే పనయ్యేది కాదని ఆమెకు తెలుసు. అట్లాంటి రిపోర్టులు ఎన్ని నీళ్లలో కలిశాయో ఆఫీసులో చూసింది. బడి ఒట్టిదని రాస్తే ఒట్టి బడి మూతబడుతుంది, పిల్లలు షెడ్డుకే పోతారు, లక్ష్మీపతి ఇంకో పేరుతో ఇంకో బోర్డు పెడతాడు. అందుకే వచ్చేముందే కార్మికశాఖలో లొంగని మనిషిగా పేరున్న ఒక అధికారితో మాట్లాడింది. రేపు పొద్దున ఆయన పోలీసులతో వస్తాడు. పిల్లలు తమ నోటితో చెప్పాలి. ఆ తర్వాత వాళ్లకు అసలైన వసతి బడిలో చోటు అడిగి పెట్టింది. కానీ తెల్లారేదాకా పిల్లలు ఈ గోడల మధ్యే ఉండాలి. ఈ రాత్రి టెంపో ఎక్కితే రేపు పొద్దుటికి ఒక్కరూ దొరకరు.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఆమె ఎవరితోనూ చెప్పలేదు. నాలుగు రోజులుగా ముసురు. నిన్న ఉదయం మదనపల్లె షెడ్డుల వీధిలో నడిచి చూసొచ్చింది. వానకు పట్టుగూళ్ల ధర పడిపోతే లక్ష్మీపతి ఆశపడి, ఎన్నడూ లేనంత సరుకు కొని షెడ్డు నిండా పోయించాడు. గూట్లో పురుగు ప్రాణంతోనే ఉంటుంది. ఎండలో ఆరబెడితేనో, ఆవిరి పడితేనో చస్తుంది. లేకపోతే గూడు తొలుచుకుని రెక్కలతో బయటికొస్తుంది. తొలిచిన గూటి నుంచి తెగకుండా దారం రాదు, దాన్ని చెత్త ధరకు కూడా ఎవడూ అడగడు. ఎండ లేదు. ఆవిరి గది కట్టించమని అందరూ చెప్పినా లక్ష్మీపతి దండగ అనుకున్నాడు. రాత్రంతా కూర్చుని దారం తీసే చేతులు చవగ్గా ఉంటే ఆవిరి గది ఎందుకు?

ఇప్పుడా చేతులన్నీ సుధారాణి వేసిన తాళం వెనక ఉన్నాయి.

మదనపల్లె నుంచి తెప్పించిన విందు ఆమె పిల్లలకు వడ్డించింది. తనకు రాగిసంగటీ ఊరిబిండి పచ్చడీ చాలంది. లక్ష్మీపతి మెతుకు ముట్టలేదు. సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని మిల్లు వెనక్కీ ముందుకీ తిరుగుతూ, "తిరగెయ్యండప్పా, గాలి తగిలేటట్ల పరచండి" అని అణచిన గొంతుతో చెబుతున్నాడు. పెద్ద కూలీల కోసం ఊరంతా గాలించారట, ఉన్నవాళ్లంతా వేరే షెడ్లలో పడి ఉన్నారట. ఒక్కో ఫోనుకీ ఆయన ముఖం మాడిపోవడం సుధారాణి కిటికీలోంచి చూసింది. సంతోషంగా ఉంది. దాచుకోవడమెందుకు, ఇన్నేళ్లలో ఆమె తిన్న ఏ తిండీ ఇంత రుచిగా లేదు. ఉడుకు ఎట్లా ఉంటుందో వాడికి కాస్త తెలియాలి. ఒక్కసారిగా కాదు, మెల్లగా, తొట్లో నీళ్లు కాగినట్టు తెలియాలి.

మధ్యాహ్నం బల్ల మీద సుద్దముక్కతో అక్షరాలు రాయించింది. చాందిని అనే పిల్ల అన్నిటికంటే త్వరగా పట్టుకుంది. శాంతిపురం పక్క పల్లె. తన పేరు తనే రాసుకుని, చేత్తో చెరిపి, మళ్లీ రాసుకుంది. కాసేపటికి దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడమ్, టెంపో ఎప్పుడొస్తాది?"

"రాదు."

"రాకుంటే సార్ కొడతాడు."

"ఈరోజు సార్ నిన్ను ముట్టుకోలేడు."

"రేపు?"

"రేపు కూడా ముట్టుకోలేడు. నేను మాటిస్తున్నా."

చాందిని ఆ మాటను నమ్మాలా వద్దా అని ఆమె ముఖంలో వెతికింది.

"నిన్ను షెడ్డుకి ఎవరు తెచ్చారమ్మా?"

"పెద్దక్క. మా ఊర్లో అందురినీ పెద్దక్కే తెచ్చిండేది. మంచిది మేడమ్. జొరమొస్తే మాత్రలు తెచ్చిస్తాది. సార్ మింద గూడా అరుస్తాది." చెప్పేసి, పెద్దక్క పేరెత్తడం తప్పేమోనని నాలిక కరుచుకుంది.

ఆ పెద్దక్క సంగతీ రేపు తేలుతుందిలే అనుకుంది సుధారాణి. పల్లెల్లో తిరిగి, కరువు కొంపల్ని చూసి, అడ్వాన్సు చేతిలో పెట్టి పిల్లల్ని ఎత్తుకొచ్చే ఆడది. మాత్రలిచ్చినంత మాత్రాన మనిషైపోతుందా? లక్ష్మీపతి పక్కన దాన్నీ నిలబెట్టాలి.

పొద్దు వాలింది. వాన సన్నగా పడుతూనే ఉంది. లక్ష్మీపతి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. పొద్దున వేసుకున్న తెల్లచొక్కా నలిగి ఒంటికి అంటుకుపోయింది.

"మేడమ్, సాలా మంది బిడ్డలకి ఇంటికాడ జాతర. అమ్మానాయన్లు అడగతాండారు. ఒక్క రాత్రికి పంపిచ్చి రేపు మళ్లా తెప్పిస్తా."

"అన్ని ఊళ్లకీ ఒకేరోజు జాతరా? ఆ అమ్మానాయన్లనే ఇక్కడికి రమ్మనండి. వాళ్లతో నేనూ మాట్లాడాలి."

"ఒకరిద్దరికి జొరంగా ఉండాది..."

"డాక్టరును పిలిపించాను. చూసి వెళ్లాడు."

"ఈడ పడుకునేదానికి చాపలు సాలవు మేడమ్."

"చాపలు లేని వసతి బడికి నిధులెట్లా తీసుకున్నారు?"

లక్ష్మీపతి చేతిలోని ఫోను వైపు చూశాడు. పాపం, ఆయనకు వచ్చిన కష్టం చెప్పుకునే కష్టం కాదు. షెడ్డులో గూళ్లు పాడవుతున్నాయి, ఈ పిల్లలే దారం తీయాలి అని నోరు తెరిచి అంటే జైలు. అనకపోతే సర్వనాశనం. సుధారాణి ఆయన్ని అట్లాగే నిలబెట్టి తృప్తిగా చూసింది. తర్వాత తనే అంది.

"తొలిచేస్తాయి. అంతే గదా?"

"ఏంది మేడమ్?"

"గూళ్లు." ఆమె గొంతులోంచి ఆఫీసు భాష జారిపోయింది. "ఈ రేతిరికి తీయకుంటే పురుగు బయటికొచ్చేస్తాది. వానకి రేటు పడె, నువ్వు ఆశపడి కొంటివి. ఎండ లేదు, ఆవిరి గది లేదు. తెల్లారేతలికి నీ షెడ్డంతా రెక్కల పురుగులే ఎగరతాంటాయి. సూసేదానికి బాగుంటాది."

లక్ష్మీపతి ఆమె వైపు వింతగా చూశాడు. చూపు ముఖం నుంచి మెల్లగా కిందికి దిగింది. కోపంలో ఆమె చెయ్యి కొంగులోంచి బయటికొచ్చేసింది. బొటనవేలు చూపుడువేలి మీద ఆగకుండా రుద్దుకుంటోంది, కనపడని కొస ఏదో వెతుకుతున్నట్టు.

ఆ వేళ్ల ఆట ఆయనకు తెలీకుండా ఉంటుందా? దాని మీదే మిద్దెలు కట్టాడు.

"ఎవురు నువ్వు? ఎవురి బిడ్డవి?"

"నా పేరు నీకు అప్పుడూ తెలీదులే. కిటికీ పక్క తొట్టి తావ కూర్చుంటాంటి. నా పక్కన మాయక్క. బడిలో సెయ్యి ఎత్తిన పిల్ల. ఆ సెయ్యి నువ్వేం జేస్తివో మరిసిపోతివా? నేను మరవలా. ఇన్నేండ్లు సదివింది దానికే, ఈ ఉద్యోగం జేసేది దానికే. రేపు పోలీసోల్లు వచ్చినప్పుడు ఈ బిడ్డలంతా సేతులు ఎత్తుతారు. ఎన్ని సేతులు ముంచుతావో సూస్తా."

ఈ మాటలు ఆమె ఎన్నిసార్లు మనసులో చెప్పుకుందో. చెప్పుకున్న ప్రతిసారీ వాడు కాళ్ల మీద పడేవాడు. ఇప్పుడు మాత్రం లక్ష్మీపతి కాళ్ల మీద పడలేదు. వరండా గట్టు మీద కూలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, పొద్దున్నుంచీ లేని ఊపిరి ఒకటి గట్టిగా వదిలాడు.

"అమరావతి సెల్లెలివా! ఈ మాట పొద్దున్నే సెప్పింటే పోయుండునే, తల్లీ. ఊరికే భయపడి సస్తి."

సుధారాణికి ఆ ఊపిరి నచ్చలేదు. భయపడాల్సిన మనిషి ఎందుకు తేలికపడ్డాడో అర్థం కాలేదు.

"నన్ను పట్టిచ్చుకో. కానీ, రేపు ఆ పోలీసోల్లు బిడ్డల్ని మొదట అడిగేది ఏంది? మిమ్మల్ని ఎవురు తెచ్చినారు అని గదా? అప్పుడు వాల్ల నోట్లో వచ్చే పేరు నాది గాదమ్మా. టెంపో వస్తాండాది. దాంట్లో వచ్చే మనిషితో మాట్లాడుకో."

ఆయన ఫోనులో ఆ మనిషికి రేపటి సంగతి గుసగుసగా చెప్పి పెట్టేసరికి గేటు బయట హారన్ మోగింది. లైట్ల వెలుగు కడ్డీల మధ్య నుంచి ముంగిట పడింది. లోపలి నుంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. "పెద్దక్క! పెద్దక్క వచ్చింది!" భయపడే పరుగు కాదు, సొంతమనిషిని చూసిన పరుగు.

టెంపో దిగిన ఆడమనిషి తల మీద కొంగు కప్పుకుని గేటు దగ్గరికి వచ్చింది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఎడంచేత్తో కడ్డీ పట్టుకుంది. వెలుగు ముఖం మీద పడింది.

"సుధా," అంది అమరావతి. "గేటు తియ్యి."

సుధారాణి చూపు ఆ గుడ్డ చుట్టిన చేతి మీదికి పోయింది. చచ్చుబడిన కుడిచేత్తో కుట్టుపని ఎట్లా చేస్తున్నావక్కా అని, ఇన్నేళ్లలో తను ఒక్కసారి, ఒకేఒక్కసారి కూడా అడగలేదు.

"నువ్వా అక్కా? నువ్వు... ఈ పిల్లల్ని నువ్వా?"

"నిన్ను ఇడిసిపెట్టేదానికి వాడు అడిగింది అదే. నీ బదులు ఇంకో ఇద్దర్ని తెమ్మన్న్యాడు. తెస్తి. మళ్లా నీ హాస్టలు, నీ కాలేజీ, నీ బియ్యీడీ... ఈ సెయ్యి ఇంగ దేనికి పనికొస్తాది సెప్పు? నన్ను తిట్టు, కొట్టు, తరవాత. ఇప్పుడు బిడ్డల్ని పంపీ. రేపు వాల్లని ఈడ పెట్టుకుంటే నువ్వు నన్ను పట్టిచ్చినట్లే. నాకూ ఇద్దరు బిడ్డలుండారు, సుధా."

వెనక గట్టు మీది నుంచి లక్ష్మీపతి తొందరపెట్టాడు. "బిన్నా తేల్చుకోండమ్మా. ఆడ గూళ్లు తొలస్తాండాయి."

పిల్లలంతా గేటు దగ్గర గుమిగూడారు, ఒక్క చాందిని తప్ప. ఆ పిల్ల సుధారాణి వెనక నిలబడి చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుంది. సుద్దపొడి అంటిన వేళ్లు.

"మేడమ్, రేపు గూడా ముట్టుకోలేడని మాటిస్తిరి గదా?"

అమరావతి గుడ్డ విప్పింది. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయిన ఆ కుడిచేతిని కడ్డీల మధ్య నుంచి లోపలికి చాపి, తాళంచెవి కోసం చెల్లెలి ముందు పట్టింది.